21 రోజుల గడువు

జాతీయ రహదారులకు భూమి సేకరించే చట్టం 1956 నాటిది. 3ఎ సెక్షన్ కింద గెజిట్ నోటిఫికేషన్ వెలువడ్డాక దాని సారాంశాన్ని రెండు పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఊరి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, చిన్న అక్షరాల్లో పేజీ నిండా పట్టిక. అందులో తన నంబరు వెతుక్కుని రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడానికి రైతుకున్నది 21 రోజులు. దానిపై అధికారి ఇచ్చిన ఉత్తర్వే ఆఖరు. 3డి ప్రకటన రాగానే భూమి కేంద్రానిదైపోతుంది. పరిహారం ఎంతన్నది ఆ తర్వాతి లెక్క.

హైదరాబాద్ చుట్టూ వచ్చే రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగానికి, అంటే సంగారెడ్డి దగ్గరి గిర్మాపూర్ నుంచి చౌటుప్పల్ దాకా సుమారు 158 కిలోమీటర్లకు, భూసేకరణ ఈ చట్టం కిందే. గడువు మొదలయ్యే నాటికే అలైన్‌మెంట్ ఖరారై ఉంటుంది. రోడ్డు ఏ ఊరి మీదుగా పోవాలన్న అసలు ప్రశ్న అడగడానికి అప్పటికే ఆలస్యం.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను, బహిరంగ విచారణను తెచ్చింది. రహదారులు, రైల్వేలు సహా 13 చట్టాలను మాత్రం నాలుగో షెడ్యూలులో పెట్టి పక్కనుంచింది. 2015 నుంచి వాటికీ కొత్త పరిహారం, పునరావాసం వర్తించాయి కానీ విచారణ వర్తించలేదు. తెలంగాణ 2017లో ఆ చట్టానికి 10ఎ సెక్షన్ చేర్చి రక్షణ, పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతుల ప్రాజెక్టులనూ ఆ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించుకుంది. సంగారెడ్డి జిల్లాలో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ (బీడీఎల్) యూనిట్ ఉన్న భానూర్ చుట్టుపక్కల పెద్దది ఏది కట్టినా ఈ జాబితాలో ఏదో ఒక గడిలో పడుతుంది.

పనులు త్వరగా సాగాలన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అయితే విచారణ ఎత్తేస్తే కాలం కలిసివస్తుందన్నది భ్రమ. ఇదే జిల్లాలో జహీరాబాద్ నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి) కోసం ప్రభుత్వం 2015లో తెచ్చిన జీవో 123 కింద రైతుల దగ్గర నేరుగా భూములు కొంది. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కోర్టుకెక్కింది వ్యవసాయ కూలీలు. బేరం పట్టాదారులతోనే జరిగింది, ఆ పొలాల మీద బతికేవారిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ముందే అంచనా వేసి ఉంటే వాళ్ల సంగతి మొదటి నెలల్లోనే రికార్డుకెక్కేది. బ్రిటన్ 2008 ప్లానింగ్ చట్టంలో భారీ ప్రాజెక్టుల పరిశీలనకు ఆరు నెలల గడువు పెట్టింది, పరిశీలనను మాత్రం ఎత్తేయలేదు.

ఇక్కడ కావలసిన సవరణ చిన్నదే. 3ఎకు ముందే రెండు మూడు ప్రత్యామ్నాయ అలైన్‌మెంట్లను సర్వే నంబర్లతో సహా గ్రామ పంచాయతీల్లో రెండు నెలలు ఉంచాలి, ఒకటి ఎంచుకున్నందుకు కారణాలు రాసి ప్రకటించాలి. 3ఎ నుంచి 3డికి చేరడానికి చట్టమే ఏడాది దాకా ఇస్తోంది. ఆ ముందటి రెండు నెలలకే ప్రాజెక్టు ఆగిపోతుందన్న వాదన నిలవదు.