మట్టి ఆగితే లాభం ఎవరికి?

మిషన్ కాకతీయ మొదలైన 2015 వేసవిలో తెలంగాణ చెరువుల నుంచి చేలకు ట్రాక్టర్లు బారులు తీరాయి. పూడిక తవ్వి పోసే ఖర్చు సర్కారుది, పొలానికి తోలుకునే కిరాయి రైతుది. కిరాయి భరించి మరీ రైతులు ఆ మట్టిని తోలుకున్నారు. మట్టి విలువ రైతుకు తెలియదనేవారికి అదే జవాబు. మరి అదే మట్టి వానకు చేను దాటి పోతుంటే, ఆపడానికి రూపాయి పెట్టడెందుకు?

ఎందుకంటే లెక్క కుదరదు. మన దేశంలో హెక్టారుకు ఏటా సగటున 16 టన్నుల మట్టి కోతకు గురవుతోందని శాస్త్రవేత్తలు ధ్రువనారాయణ, రామ్‌బాబు 1983లో అంచనా కట్టారు. ఎకరాకు చూస్తే ఆరున్నర టన్నులు, అంటే రెండు ట్రాక్టర్ల మట్టి. కానీ ఎకరమంతా పరిస్తే ఆ మందం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కంటికి ఆనదు. దిగుబడి కొంచెం తగ్గితే యూరియా కప్పేస్తుంది. 45 కిలోల బస్తా రైతుకు 270 రూపాయల లోపే దొరుకుతోంది. ఎరువు అంత చవకైనప్పుడు మట్టి నష్టం పద్దులోకి ఎక్కదు.

ఖర్చు మాత్రం ఈ ఏడాదే కనబడుతుంది. గట్టు వేస్తే కొన్ని సాళ్ల భూమి పోతుంది, పైన జేసీబీ కిరాయి. వాలుకు అడ్డంగా దున్నమని సలహా ఇవ్వడం తేలికే. వాలు పొడవునా సాగిన సన్నటి చెక్కలో అడ్డంగా దున్నితే ట్రాక్టరు అడుగడుగునా మళ్లాలి, బాడుగ గంటల లెక్కన పెరుగుతుంది. వాటర్‌షెడ్ పథకాల్లో నేల ఎత్తును బట్టి వేసిన గట్లు పొలం హద్దులను పట్టించుకోక చేను మధ్యగా పోయాయి. అలాంటివాటిని దున్నేసుకున్న రైతును తప్పుపట్టలేం.

ఇక కౌలుదారు సంగతి. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టంలో సాగు ఒప్పందం గడువు 11 నెలలు. గట్టు ఫలితం చేతికందేది ఏళ్లు గడిచాక. అప్పటికి ఆ చేను ఎవరు చేస్తారో తెలియనివాడు అప్పు తెచ్చి గట్టు వేస్తాడా? పట్నంలో ఉన్న పట్టాదారుకు కౌలు ఎలాగూ ముడుతుంది.

అసలు నష్టం దిగువన తేలుతుంది. కట్టినప్పుడు 133 టీఎంసీలున్న తుంగభద్ర జలాశయం పూడికతో 105 దగ్గరకు వచ్చింది. 112 టీఎంసీల శ్రీరాంసాగర్ 80కి పడిపోయింది. ఆ పూడికంతా చేలదే కాదు. గనులదీ, చెట్లు నరికిన కొండలదీ వాటా ఉంది. అయినా ఎగువ చేలో ఆగిన ప్రతి తట్ట మట్టీ కాలువ చివరి ఆయకట్టుకు మేలే. లాభం పదిమందిదైనప్పుడు ఖర్చు ఒక్కడి నెత్తిన పెడితే పని జరగదు.

అమెరికా 1985 చట్టంలో రెండు పనులు కలిపి చేసింది. కోత ఎక్కువగా ఉన్న నేలల్లో రక్షణ ప్రణాళిక లేకుండా సాగుచేస్తే సబ్సిడీ ఆపింది. మరీ బలహీనమైన భూములను బీడుగా ఉంచితే పది, పదిహేనేళ్లు అద్దె చెల్లించింది. ఆ తర్వాత పాతికేళ్లలో పంటభూముల కోత దాదాపు 40 శాతం తగ్గింది.

రెండెకరాల రైతుకు సాయం ఆపేయడం మన దగ్గర అన్యాయం. కానీ అదనంగా ఇవ్వొచ్చు. తెలంగాణలో రైతుబంధు నుంచి రైతుభరోసా దాకా ఎకరం చొప్పున ఇచ్చే డబ్బుకూ నేల బాగోగులకూ సంబంధం లేకుండా పోయింది. గట్టు, కందకం, గట్టు మీద గడ్డి నిలబెట్టినవారికి ఏటా వానాకాలం ముగిశాక తనిఖీ చేసి ఎకరాకు ఇంతని ఇవ్వాలి. పట్టా ఎవరి పేరున్నా ఆ డబ్బు సాగుదారుకే చేరాలి. ఇన్నాళ్లూ ప్రభుత్వాలు గట్టు వేయడానికి డబ్బిచ్చాయి, నిలబెట్టడానికి ఇవ్వలేదు. రెండు వానలకు అవి తెగిపోయింది అందుకే.

డబ్బెక్కడిదంటారా? ఎరువుల సబ్సిడీకి కేంద్రం ఏటా పెట్టే ఖర్చు లక్ష కోట్లు దాటింది. కొట్టుకుపోయే సత్తువను బస్తాలతో పూడ్చడానికి అంత పెడుతున్నవాళ్లం, దాన్ని చేలోనే ఆపేవాడికి అందులో పిసరంత ఇవ్వలేమా?