గేటు దాటితే నెట్ కట్.. ఫుల్ సిగ్నల్ ఉన్నా ఎందుకీ తిప్పలు?

ఇంట్లో వైఫై మీద వాట్సాప్ కాల్ మాట్లాడుతూ బండి తీద్దామని బయటికొస్తారు. గేటు దాటగానే అవతలి గొంతు ఆగిపోతుంది. స్క్రీన్ మీద 'రీకనెక్టింగ్'. పైన చూస్తే 5జీ సిగ్నల్ ఫుల్‌గానే ఉంటుంది. ఆఫీసు వైఫై అందీ అందని చోట టీ బండి దగ్గర స్కాన్ చేసి పిన్ కొట్టాక తిరుగుతూనే ఉండే చక్రం కథా చాలాసార్లు ఇదే. సిగ్నల్ లేక కాదు.. ఫోన్ ఒక నెట్‌వర్క్‌ను వదిలి ఇంకోదాన్ని పట్టుకునే ఆ కాస్త సమయంలోనే తంటా. ఇన్నేళ్లయినా ఈ అతుకు దగ్గర నెట్ ఎందుకు తెగుతోంది?

అడ్రస్ మారితే కొత్త మనిషే!

నెట్‌లోకి వచ్చే ప్రతి ఫోన్‌కూ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. ఇంటి వైఫైలో ఒకటి, సిమ్ డేటాలో వేరొకటి. దశాబ్దాలుగా నెట్‌లో ఎక్కువ పనులు నడిచింది టీసీపీ అనే పద్ధతి మీద. 1970లలో దీన్ని తయారుచేసినప్పుడు కంప్యూటర్ అంటే గదిలో కదలకుండా కూర్చునే యంత్రం. అందుకే ఇది ఒక కనెక్షన్‌ను నాలుగు గుర్తులతో పోల్చుకుంటుంది.. రెండు వైపుల ఐపీ అడ్రస్‌లు, రెండు వైపుల పోర్ట్ నంబర్లు. వీటిలో ఒక్కటి మారినా సర్వర్‌కు అది పాత కనెక్షన్ కాదు. అదే ఫోన్, అదే మనిషి, అదే ఖాతా అయినా సరే, మళ్లీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాల్సిందే.

మరి టవర్లు మారినప్పుడు ఈ గొడవ ఎందుకు లేదు? సికింద్రాబాద్‌లో రైలెక్కి విజయవాడ వెళ్లేవారి ఫోన్ దారిలో ఎన్నో టవర్లు మారుతుంది. సిగ్నల్ ఉన్నంతసేపూ పాట ఆగదు. ఎందుకంటే టవర్ మారినా అడ్రస్ మారదు. టెలికాం కంపెనీ కోర్ నెట్‌వర్క్‌లో ఉండే గేట్‌వే ఆ అడ్రస్‌ను పట్టుకుని కూర్చుంటుంది. ఫోన్ ఏ టవర్ కిందికి వెళితే డేటాను అటు మళ్లిస్తుంది. చిక్కంతా కంపెనీ గడప దాటినప్పుడే. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఒకరిది, సిమ్ ఇంకొకరిది. మధ్యలో అడ్రస్‌ను పట్టుకుని ఉండే వాళ్లెవరూ లేరు.

30 ఏళ్ల నాటి మందు

ఈ సమస్యను ముందే చూడలేదా అంటే చూశారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 1996లోనే 'మొబైల్ ఐపీ' అనే పద్ధతిని ప్రకటించింది. అప్పటికి స్మార్ట్‌ఫోన్ల ఊసే పెద్దగా లేదు. ఆలోచన పోస్టాఫీసు లాంటిదే. ఇల్లు మారిన కుటుంబం పాత ఊరి పోస్టాఫీసులో కొత్త అడ్రస్ ఇచ్చి వెళితే, వచ్చిన ఉత్తరాలను అక్కడి నుంచి కొత్త ఊరికి పంపుతారు. ఇక్కడ ఆ పని 'హోమ్ ఏజెంట్' అనే కంప్యూటర్ చేస్తుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ పక్క వీధిలోని సర్వర్ నుంచి వచ్చే డేటా కూడా ఎక్కడో ఉన్న హోమ్ ఏజెంట్‌ను చుట్టి రావాలి. ఆ ఏజెంట్‌ను ఎవరు నడపాలి, ఖర్చెవరు పెట్టుకోవాలి? వేరే కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లిన కస్టమర్ కోసం మన కంపెనీ ఎందుకు కష్టపడాలి? ఈ ప్రశ్నల దగ్గరే మామూలు జనం ఫోన్ల వరకు అది రాకుండా ఆగిపోయింది.

దాంతో పని ఫోన్, యాప్ తయారుచేసేవాళ్ల నెత్తిన పడింది. 2013లో యాపిల్ ఐఓఎస్ 7తో సిరి కోసం మల్టీపాత్ టీసీపీని వాడింది. వైఫై, సిమ్ డేటా రెండు దారులూ ఒకే కనెక్షన్ కింద ఉంటాయి, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. గూగుల్‌లో మొదలైన క్విక్ పద్ధతి ఇంకో అడుగు వేసింది. 2021 మేలో ప్రమాణంగా మారిన ఈ పద్ధతిలో కనెక్షన్‌కు సొంత ఐడీ ఉంటుంది. అడ్రస్ మారినా ఐడీ చూసి సర్వర్ గుర్తుపడుతుంది. అన్నిచోట్లా ఒకే ఐడీ కనిపిస్తే మనిషి ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో దారిలో కాపు కాసేవాళ్లు పసిగట్టొచ్చు కదా? దానికీ విరుగుడు ఉంది.. నెట్‌వర్క్ మారగానే ముందే ఇచ్చిపుచ్చుకున్న మరో ఐడీని వాడతారు.

ఉన్నా అందరికీ అందదు

ఫేస్‌బుక్ 2020లోనే తన ట్రాఫిక్‌లో 75 శాతానికి పైగా క్విక్, హెచ్‌టీటీపీ3 మీద నడుస్తోందని చెప్పింది. అయితే క్విక్ వాడినంత మాత్రాన నెట్‌వర్క్ మారే సౌకర్యం కూడా పనిచేస్తుందని కాదు. పెద్ద సైట్ల ముందు వచ్చేవాళ్లను వందల సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్లు ఉంటాయి. అవి అడ్రస్ చూసి పంచితే, అడ్రస్ మారిన ఫోన్ వేరే సర్వర్ ముందుకెళ్లి నిలబడుతుంది. ఆ సర్వర్‌కు ఈ ఫోన్ ఎవరో తెలియదు! కొన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లు క్విక్‌ను అసలు రానివ్వవు. అప్పుడు యాప్ మళ్లీ పాత టీసీపీకే పోతుంది. డబ్బు, ఇంజనీర్లు ఉన్న కంపెనీలు ఇవన్నీ సర్దుకోగలవు. చిన్న యాప్‌ల సంగతి దేవుడెరుగు.

కంపెనీలు తలచుకుంటే చేయగలవు అనడానికి వైఫై కాలింగే సాక్ష్యం. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి. వైఫై మీద మొదలైన కాల్ బయటికొచ్చాక 4జీలో కొనసాగుతుంది. అది సొంత నంబర్, సొంత కాల్ కాబట్టి కంపెనీ కోర్ నెట్‌వర్కే రెండు దారులనూ కలిపి పట్టుకుంటుంది. పక్కనే ఉన్న బ్యాంకు యాప్‌కు ఆ భాగ్యం లేదు.

ప్రభుత్వం వైపు చూస్తే కాల్ డ్రాప్‌లకు ట్రాయ్ లెక్క ఉంది, పరిమితి ఉంది. 2025 జనవరిలో కేంద్రం ఇంట్రా సర్కిల్ రోమింగ్ ప్రారంభించింది. డిజిటల్ భారత్ నిధితో పెట్టిన టవర్ల దగ్గర ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ 4జీ సిగ్నల్ వాడుకోవచ్చు. మారుమూల పల్లెలకు మంచి కబురే. కానీ అది సిగ్నల్ లేని లోటు తీర్చేది. వైఫై నుంచి సిమ్‌కు మారేటప్పుడు తెగే కనెక్షన్ మాత్రం ఏ ఒక్క కంపెనీ ఖాతాలోనూ పడదు. ఫిర్యాదు చేస్తే బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు సిమ్ వైపు, సిమ్ వాళ్లు యాప్ వైపు వేలు చూపిస్తారు.

డబ్బు దగ్గరే అసలు జాగ్రత్త

వీడియో ఆగితే చిరాకు. యూపీఐ ఆగితే జేబుకు చిల్లు. పిన్ కొట్టాక రిక్వెస్ట్ సర్వర్‌కు చేరిపోయి, జవాబు వచ్చేలోపు నెట్‌వర్క్ మారిందనుకుందాం. చెల్లింపు అక్కడ పూర్తయిపోతుంది. ఫోన్‌కు మాత్రం ఆ విషయం తెలియదు. షాపు స్పీకర్ మోగలేదని మళ్లీ స్కాన్ చేస్తే రెండోసారి కూడా డబ్బు వెళ్లొచ్చు.

డబ్బు కట్ అయి షాపుకు చేరకపోతే 5 రోజుల్లో, మనిషికి పంపింది చేరకపోతే మర్నాటికి దానంతటదే వెనక్కి రావాలని ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్‌లో నిబంధన పెట్టింది. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం కూడా ఇవ్వాలి. కానీ రెండుసార్లూ చెల్లింపు సక్సెస్ అయితే ఈ నిబంధన వర్తించదు. అది ఫెయిలైన లావాదేవీ కాదు కాబట్టి, తిరిగి ఇమ్మని షాపాయన్నే అడగాలి. చక్రం తిరుగుతుంటే మళ్లీ స్కాన్ చేయకుండా వైఫై ఆపి, హిస్టరీలోనో బ్యాంకు మెసేజ్‌లోనో మొదటి చెల్లింపు సంగతి చూసుకున్నాకే రెండోసారి పిన్ కొట్టడం మంచిది.