కంటిలో గుచ్చుకొన్న పుల్లను లాగవద్దు



ఆటలో పడిన బిడ్డ కంటిలో పుల్ల గుచ్చుకొంటే, మన చేయి ముందు దానిని లాగివేయబోతుంది. దయచేసి లాగవద్దు. కంటిగుంట పైనున్న ఎముక బహు పలుచన. దాని మీదనే మెదడున్నది. లోపల తెగిన రక్తనాళమును ఆ పుల్లే అదిమిపట్టి ఉండవచ్చును. కన్ను నొక్కక, పుల్ల కదలనీయక, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొనిపోండి.

రెప్పమీద గాయము చిన్నదై, బిడ్డ బాగానే మాటలాడుచున్నా మోసపోవద్దు. సి.టి. స్కాన్ తీయవలెను. ఎండుకర్ర అందులో గాలివలె నల్లగా కనబడి తప్పిపోవచ్చును గనుక, ఏమి గుచ్చుకొన్నదో డాక్టరుగారికి తప్పక చెప్పండి. కంటి డాక్టరు, మెదడు సర్జను కలిసి ఆపరేషన్‌లో చూచుకొంటూ దానిని తీస్తారు. ముక్క మిగిలితే వారాల తరువాతనైనా మెదడులో చీము పట్టవచ్చును. ఇంటికి వచ్చాక జ్వరము, తలనొప్పి, వాంతులు కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు.