థర్మోస్టాట్‌ను పీకేయకండి

మే నెల ఎండలో కారు హీటెక్కి షెడ్డుకు వెళ్తే, చాలామంది మెకానిక్‌లు ముందుగా థర్మోస్టాట్ మీదే చెయ్యి వేస్తారు. ‘మన ఎండలకు ఇది అక్కర్లేదండీ, చలి దేశాల వాళ్లకే’ అని పీకేస్తారు. నీళ్లకు అడ్డు తొలగితే వేడి దిగుతుందన్న మాట సబబుగానే తోస్తుంది కాబట్టి యజమానీ సరేనంటాడు. ఇంజిన్‌కు దీనివల్ల జరిగే చేటు మాత్రం చిన్నది కాదు.

పీకిన ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. చిన్న లోహపు గుళిక, చుట్టూ స్ప్రింగు, పైన గుండ్రటి మూత. గుళిక నిండా మైనం. 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నే కనిపెట్టిన పద్ధతి ఇది. చాలా కార్లలో కూలెంట్ 82 నుంచి 90 డిగ్రీల మధ్యకు చేరగానే మైనం కరిగి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి మూత తెరుచుకుంటుంది, కూలెంట్ రేడియేటర్‌కు దారి పడుతుంది. చల్లబడితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. పాతకాలపు థర్మోస్టాట్‌కు వైరూ లేదు, కరెంటూ లేదు. గిన్నెలో నీళ్లు కాస్తూ అందులో వేలాడదీస్తే, బాగున్నదైతే మూత లేవడం కళ్లారా చూడొచ్చు.

అది లేని ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు తీసుకుంటుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువగా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోదు, అరుగుదల పెరుగుతుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. కొన్ని ఇంజిన్లలో ఇదే ముక్క, తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూసేస్తుంది. పీకేస్తే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. వేడి తగ్గించబోయి పెంచినట్టవుతుంది!

ఆ కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు కథ వేరు. బెల్టుతో తిరిగే పంపు ఇంజిన్ వేగాన్ని బట్టే తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ మెల్లగా నడిచేటప్పుడు నీటి పారుదలా తగ్గుతుంది, పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో మాత్రం అవసరం లేకున్నా తిరుగుతుంది. 2000ల మధ్యలో బీఎండబ్ల్యూ తన ఎన్52 ఇంజిన్‌కు 200 వాట్ల ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. బెల్టు పంపయితే 2 కిలోవాట్ల దాకా లాగేది. ఆ ఇంజిన్ కంప్యూటర్, తేలికపాటి ప్రయాణంలో కూలెంట్‌ను 112 డిగ్రీల వరకూ పోనిస్తుంది, గట్టిగా తొక్కితే 80కి దించుతుంది. కూలెంట్ వ్యవస్థలోని ఒత్తిడి, అందులో గ్లైకాల్ కలిసి ఉండటం వల్ల అంత వేడిలోనూ కూలెంట్ మరగదు. 2009లో వచ్చిన మూడో తరం ప్రియస్‌లోనూ పంపు కరెంటుదే. ఆ ఇంజిన్‌కు బయటి బెల్టే లేదు. టర్బో ఉన్న కొన్ని కార్లలో తాళం తిప్పేశాక కూడా పంపు కాసేపు తిరిగి టర్బో వేడిని లాగేస్తుంది.

ఈ సౌకర్యంలో ఓ చిక్కుంది. బెల్టు పంపు పాడవుతుంటే కారుతుంది, కూస్తుంది. ఎలక్ట్రిక్ పంపు చాలాసార్లు చడీచప్పుడూ లేకుండా ఆగిపోతుంది. మీటరులో హెచ్చరిక వెలిగిందంటే బండి పక్కకు తీసి ఆపాల్సిందే, ఇంకో రెండు కిలోమీటర్లు లాగుదామనుకుంటే హెడ్ గాస్కెట్ పోతుంది.

హీటెక్కిన ప్రతిసారీ నేరం థర్మోస్టాట్‌దే కాదు. కూలెంట్ కారిందా, ఫ్యాన్ తిరుగుతోందా, రేడియేటర్ రెక్కల్లో మట్టి పేరుకుందా అని ముందు చూడాలి. ఏళ్ల తరబడి ఉప్పు బోరు నీళ్లు పోసిన బండిలో తెల్లటి పొర పేరుకుని మూత బిగుసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు మార్చాల్సిందే, తీసేసి ఖాళీగా వదలకూడదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద చెక్కిన డిగ్రీల అంకెతో సరిపోల్చుకుని మరీ బిగించమనాలి.