ఏ గడిలో ఏది?

సెమిస్టర్ పరీక్షల తేదీలు మారాయి. సాయంత్రం నాలుగున్నరకి ఆ కాగితం పరీక్షల విభాగంలోని సీనియర్ అసిస్టెంటు బల్ల మీదికి వచ్చింది. ఆరింటికల్లా కాలేజీ వెబ్‌సైట్లో పెట్టాలి. ఆయన లాగిన్ అయ్యి, కొత్త నోటీసు పేజీ తెరిచి, మధ్యలో ఉన్న ప్లస్ గుర్తు నొక్కారు. మూడే వచ్చాయి... టెక్స్ట్, ఇమేజ్, లింక్. ఆయనకు కావాల్సింది టేబుల్. పేపరు పేరు, పాత తేదీ, కొత్త తేదీ... మొత్తం 18 వరసలు. టేబుల్ మాత్రం ఎక్కడా లేదు. కాసేపు వెతికి, విసుగొచ్చి, ఆ కాగితాన్నే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి ఇమేజ్‌గా ఎక్కించేసి ఇంటికెళ్లిపోయారు.

ఇది ఊహించి చెప్పిన సంఘటనే. కానీ ఇలాంటి ఫొటో నోటీసుని ఒక్కసారైనా చూడనివాళ్లు ఉంటారా?

ఫోన్లో దాన్ని చదవాలంటే వేళ్లతో సాగదీసుకుంటూ అటూ ఇటూ జరపాలి. పేజీలో పేపరు పేరు కొట్టి వెతికితే దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, చూపులేని విద్యార్థి సంగతి. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఫొటో దగ్గరికి రాగానే చాలాసార్లు 'ఇమేజ్' అని ఊరుకుంటుంది. ఆ కుర్రాడికి తేదీ మారిందన్న సంగతే తెలియకపోవచ్చు. దీనికి మూలమేంటంటే... ఎప్పుడో సైటు తయారుచేసిన రోజున ఓ ప్రోగ్రామర్ టిక్కు పెట్టకుండా వదిలేసిన చిన్న గడి!

పెద్ద వెబ్‌సైట్లు చాలావరకు ఇప్పుడు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్... క్లుప్తంగా సీఎంఎస్... మీద నడుస్తాయి. పేజీ ఒక విస్తరి లాంటిది. ఉప్పూ ఊరగాయా ఓ వార, కూరలు ఇంకో వార, మధ్యలో అన్నం. పాయసం తెచ్చి పప్పులో పోయరు కదా! అలాగే పేజీ పైభాగం, మధ్యభాగం, పక్క పట్టీ, అడుగుభాగం అని చోట్లు ఉంటాయి. వాటిలో వడ్డించే టెక్స్టు, బొమ్మ, వీడియో, టేబుల్, ఫారం వంటివాటిని కాంపొనెంట్లు అంటారు. ఏ చోట ఏ కాంపొనెంటు పెట్టనివ్వాలో ముందే తేల్చి, మిగతావాటిని రాసేవాళ్ల కంటికి కనబడకుండా చేయడమే ఈ టిక్కుల పని.

అసలు ఈ కట్టడి ఎందుకంటారా? అన్నీ అందరికీ వదిలేసిన రోజులు గుర్తున్నవాళ్లని అడగాలి. ఒక పేజీలో పరుగెత్తే అక్షరాలు, ఇంకో పేజీలో మిణుకుమిణుకుమనే 'న్యూ' గుర్తు, మూడోదాంట్లో ఎరుపు మీద పచ్చ. (మిణుకుమనే అక్షరాల ట్యాగుకి ఫైర్‌ఫాక్స్ 2013లో 23వ వెర్షన్‌తో సెలవు చెప్పింది. ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు.) తనంతట తాను మొదలై 5 సెకన్లకు మించి కదిలే సమాచారం ఏదైనా ఉంటే దాన్ని ఆపే వీలుండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. అవన్నీ ప్రతి ఉద్యోగికీ నేర్పడం అయ్యే పని కాదు. నియమం తెలియనివాళ్లు కూడా నియమం తప్పకుండా చూడాలంటే, తప్పు చేయగల పరికరం వాళ్ల చేతికి ఇవ్వకపోవడమే సులువు.

ఈ విషయంలో సాఫ్ట్‌వేర్ల స్వభావాలు వేరువేరు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు చెందిన డే సాఫ్ట్‌వేర్ కంపెనీ సీక్యూ అనే సీఎంఎస్ చేసింది. 2010లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది. ఇప్పుడు దాని పేరు అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్. హైదరాబాద్‌లో దీని మీద పనిచేసే ఇంజినీర్లు తక్కువేం కాదు. కాంపొనెంట్లు పేర్చుకునే చోటుని అందులో పార్‌సిస్ అనేవారు. డిజైన్ మోడ్‌లోకి వెళ్లి, అక్కడ ఏవేవి పెట్టనివ్వాలో టిక్కులు కొట్టేవారు. 2016లో 6.2 వెర్షన్‌తో పద్ధతి మారి, ఆ జాబితాకి 'పాలసీ' అన్న పేరొచ్చింది. ఒకే పాలసీని పది టెంప్లేట్లకు తగిలించుకోవచ్చు. సౌకర్యమే. కాకపోతే ఒకచోట టిక్కు తీస్తే పదిచోట్లా పోతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. పాలసీ ఏదీ తగిలించకపోతే 'అన్నీ పెట్టుకోండి' అని కాదు అర్థం... 'ఏదీ పెట్టొద్దు' అని! కొత్త సైటు మొదలైన రోజున, కాంపొనెంట్లు ఇక్కడికి లాగండంటూ ఖాళీ పెట్టె పిలుస్తుంటుంది. లాగడానికి ఒక్కటీ ఉండదు.

వర్డ్‌ప్రెస్‌ది పూర్తిగా ఎదురు దారి. 2018 డిసెంబరు 6న వచ్చిన 5.0 వెర్షన్‌తో పేరా, బొమ్మ, టేబుల్ అన్నీ బ్లాకులైపోయాయి. ఎవరూ అడ్డు చెప్పకపోతే దాదాపు అన్ని బ్లాకులూ చేతికందుతాయి. వద్దనుకున్నవాటిని ప్రోగ్రామరే పనిగట్టుకుని దాచాలి. తనంతట అది పెట్టిన కట్టుబాట్లు కొన్నే. 'కాలమ్' అనే బ్లాకు 'కాలమ్స్' అనే పెద్ద బ్లాకు లోపల తప్ప బయట ఇమడదు, అలాంటివి. అమరికని కదపనివ్వకుండా, మాటలూ బొమ్మలూ మాత్రం మార్చుకోనిచ్చే తాళం కూడా ఉంది. పైన చెప్పిన అసిస్టెంటు గారి లాంటివాళ్లకు అదెంతో హాయి.

తాళం వేసి తీరాల్సిన చోట్లూ ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ సైటు గవ్.యూకే 2012లో మొదలైంది. దాంట్లో ఎన్నో శాఖలవాళ్లు రోజూ పేజీలు రాస్తుంటారు. కానీ సైటంతా కనబడే అత్యవసర పట్టీని పెట్టే అవకాశం శాఖల్లో రాసేవాళ్లకు ఇవ్వలేదు. అది సైటు నడిపే కేంద్ర బృందం చేతిలోనే ఉంటుంది. దేశవ్యాప్త విపత్తుకి ఒకటి, ఒక ప్రాంతానికే పరిమితమైనదానికి ఒకటి, ప్రముఖుల మరణానికి ఒకటి. 2022 సెప్టెంబరు 8న ఎలిజబెత్ రాణి కన్నుమూసినప్పుడు కనబడిన నల్ల పట్టీ ఈ మూడోదే. అలాంటిది ఎవరైనా పొరపాటున ఒక్క నొక్కు నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి!

మన జిల్లాల సైట్లు చూసినా కట్టడి వల్ల వచ్చిన లాభం తెలుస్తుంది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఎస్3వాస్ వేదిక మీద చాలా జిల్లాల సైట్లు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. చూడ్డానికి విసుగే. కానీ గుంటూరు సైటులో నోటీసులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు హైదరాబాద్ సైటులో తడుముకోనక్కర్లేదు. అయితే ఆ నోటీసు నొక్కాక తెరుచుకునేది చాలాసార్లు స్కాన్ చేసిన కాగితమే! గడులు ఎంత చక్కగా గీసినా, గడిలోకి ఫొటో వచ్చి కూర్చుంటే అన్నీ వృథా.

కట్టడి మరీ బిగిస్తే జరిగేది అదే. జనం పని మానరు, పక్కదారి వెతుక్కుంటారు. టేబుల్ ఇవ్వకపోతే ఫొటో. హెడ్డింగ్ ఇవ్వకపోతే అక్షరాల్ని బొద్దుగా చేసి అదే శీర్షిక అనుకుంటారు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ వింటారు. ఆ బొద్దు అక్షరాలు వాళ్లకు శీర్షికలే కావు. ప్రోగ్రామర్ తన గదిలో కూర్చుని 'వీళ్లకివి చాలు' అని తేల్చేస్తే వచ్చే చిక్కు ఇది. నిరుడు ఆ ఆఫీసు పెట్టిన నోటీసులు ఓ ముప్పై తిరగేసి చూస్తే చాలు, వాటిలో ఎన్నిట్లో టేబుల్ ఉందో తెలిసిపోతుంది.

అన్నట్టు, టిక్కు తీసేసినా పాత పేజీల్లో అప్పటికే పెట్టినవి మాయం కావు. అవి అలాగే ఉంటాయి, వెతికి పట్టుకుని మార్చాల్సిందే. అందుకే ఆలోచించి ముందే టిక్కు పెట్టడం మేలంటారు అనుభవం ఉన్నవాళ్లు.

మర్నాడు పొద్దున్నే ఆ సీనియర్ అసిస్టెంటు సైటు చూసే కుర్రాడికి ఫోన్ చేశారనుకుందాం.

"బాబూ, అక్కడ టేబుల్ పెట్టుకునే వీలు లేదా?"

"ఒక్క టిక్కు సార్. ఇప్పుడే పెట్టేస్తా."

"ఒక్క టిక్కేనా! మరి ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదయ్యా?"

"ఎవరూ అడగలేదు సార్."

మధ్యాహ్నం భోజనాల వేళకి ఫొటో పోయి 18 వరసల టేబుల్ వచ్చింది.