మూడు మూళ్ళు

అమెరికాలో కాపురముంటున్న ఒక సోదరి ఉత్తరం వ్రాసింది: "మా అబ్బాయి రెండేళ్ళ క్రితం కార్న్ స్నేక్ పిల్లను తెచ్చి పెంచుతున్నాడు. ఆడదిట. ఇప్పుడు స్నేహితుడింట్లో ఉన్న మగపామును తెచ్చి జత కలుపుతానంటున్నాడు. దానికి ఈడు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందండీ? ఇది మా అత్తగారి చెవిని పడితే ఏమంటారో!"

అత్తగారి సంగతి ఆమె చూసుకుంటుంది. పాము సంగతి మనం చూద్దాం.

కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలో ఎలుకలు తిని బ్రతికే విషంలేని పాము. మన జెర్రిపోతుకు దూరపు చుట్టం. జెర్రిపోతుల్లో అన్నీ మగవేననీ, అవి నాగుపాముతో జత కడతాయనీ మనవాళ్ళు చెప్పుకుంటారు. అది వట్టి మాట. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని పైకి లేస్తే సరసమనుకుంటాం. అది సాధారణంగా రెండు మగపాముల కుస్తీ! కంటికి కనిపించినదాన్ని బట్టి ఆడా మగా తేల్చడం అంత కష్టం. కనుక అబ్బాయి ముందుగా తన పామును వైద్యుడికి చూపించి, అది ఆడదేనని రూఢి చేసుకోవాలి.

ఇక ఈడు మాట. రెండేళ్ళ పాము మగపాము చేరితే కాదనకపోవచ్చు. అందుచేత సిద్ధంగా ఉందనుకోవడమే పొరపాటు. ఒప్పుకోవడం వేరు, ఓపడం వేరు. ఈడు రాగానే పిల్ల తల్లి కావడానికి తగినదనుకుని మన ముత్తవ్వల కాలంలో ఎంత నష్టపోయామో వేరే చెప్పాలా? చాలని వంట్లో గుడ్లు పడితే అవి బయటికి రాక అడ్డుపడవచ్చు. అప్పుడు కోత తప్పకపోవచ్చు. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది.

అందుకే ఈ పాములు పెంచేవాళ్ళలో ఒక లెక్క వాడుకలో ఉంది: 3 ఏళ్ళ వయసు, 3 అడుగుల పొడవు, 300 గ్రాముల తూకం. మూడు ముళ్ళు పడడానికి ముందు ఈ మూడు మూళ్ళూ కుదరాలన్నమాట. ఒకటి కుదిరి రెండు కుదరకపోతే ఆగవలసిందే.

తూకం ఎలుకను మింగిన మర్నాడు చూస్తే లాభం లేదు. అది పాము బరువు కాదు, భోజనం బరువు. మేత అరిగి, విసర్జన అయిన తరువాత మూతపెట్టిన డబ్బాలో ఉంచి తూచాలి. తొందరపడి మేపి 300 చేసినా పనికిరాదు. క్రొవ్వు పట్టిన పాముకూ గుడ్లు పెట్టడం కష్టమే. వెన్నెముక కత్తి అంచులా పైకి తేలకూడదు, ఒళ్ళు ముడతలు పడేటంత లావూ ఉండకూడదు.

చలికాలంలో రెండు మూడు నెలలు చల్లగా ఉంచి విశ్రాంతి ఇవ్వడం వాడుక. ఆ రోజుల్లో మేత పెట్టరు. చల్లబరచే ముందే కడుపు ఖాళీ కావాలి. వసంతంలో లేచి, బాగా తిని, ఒకసారి కుబుసం విడిచాకే జత మాట. నిరుటి బరువు మళ్ళీ రాకపోతే ఈ ఏటికి వద్దు. గుడ్లు పెట్టేసరికి తల్లి చాలా చిక్కిపోతుంది. చేతిలో నిలవ లేనివాళ్ళు పెళ్ళి ఖర్చుకు దిగవచ్చునా?

మరొక సంగతి, అమ్మా. ఒక కాన్పుకు పది పదిహేను గుడ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పెడుతుంది. సుమారు 28 డిగ్రీల వెచ్చదనంలో రెండు నెలలకు అవి పిల్లలవుతాయి. ఒకదాన్నొకటి తినవచ్చు గనుక ప్రతి పిల్లకూ వేరే డబ్బా, వేరే మేత. వాటిని ఎవరు తీసుకుంటారు? ఆ పేర్లు అబ్బాయి కాగితంమీద వ్రాసి చూపించాకే మగపామును గడప దాటనివ్వండి. పాముకు ఈడు వస్తే చాలదు, పెంచేవాడికీ రావాలి.

ఇది చదివి ఇక్కడి పిల్లలు ఉబలాటపడేరు! మన దేశపు పాములను పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరం.

మీ పాముకు రెండేళ్ళే అంటున్నారు. మరొక్క ఏడాది ఆగమనండి. ఆగితే పోయేది ఒక వసంతం. తొందరపడితే పోయేది పాము.