ఉత్తరం ఎవరికొరకు?

వ్యాపారలేఖ కావ్యం కాదు గదా, దానికి శైలిని గూర్చిన చింత ఎందుకని కొందరు అడుగవచ్చును. కావ్యం అర్థం కానివాడు దానిని మూసి పక్కన పెట్టగలడు. బ్యాంకువారి తాకీదు, బీమా పత్రం అర్థం కానివాడు మాత్రం డబ్బు నష్టపోతాడు; ఒక్కొక్కప్పుడు హక్కునే కోల్పోతాడు. ఈ దృష్టితో చూస్తే కవికన్న గుమాస్తాకే శైలి విషయంలో బాధ్యత ఎక్కువ.

ఆంగ్లభాషలో ఈ సత్యాన్ని ఆంగ్లేయులే ముందుగా గుర్తించవలసి వచ్చినది. బ్రిటిష్ ఆర్థికశాఖ కోరికపై సర్ ఎర్నెస్ట్ గవర్స్ 1948లో 'ప్లెయిన్ వర్డ్స్' అనే చిన్న పుస్తకం వ్రాసినారు. తన మనస్సులోని భావం ఎదుటివాని మనస్సుకు చెక్కుచెదరకుండా చేరవలెనన్నదే ఉద్యోగులకు ఆయన చేసిన బోధ. 1979లో లివర్‌పూల్ నగరపు మహిళ క్రిస్సీ మాహెర్, లండన్ పార్లమెంటు స్క్వేర్‌లో వందలకొలది ప్రభుత్వ పత్రాలను బహిరంగంగా ముక్కలు చేసి, సరళాంగ్ల ఉద్యమాన్ని ఆరంభించినారు. కౌమారం వచ్చేవరకు ఆమెకు చదవడం రాదు. అర్థం కాని కాగితం మనిషిని ఎంత చిన్నబుచ్చగలదో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

1998లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజ్ కమిషన్ సరళాంగ్లంపై ఒక కరదీపికను వెలువరించినది. దానికి ముందుమాట వ్రాసిన వారెన్ బఫెట్, వార్షిక నివేదిక వ్రాసేటప్పుడు తన అక్కచెల్లెళ్లతో మాటలాడుతున్నట్లు భావించుకొంటానని చెప్పినారు. వారు తెలివిగలవారే, లెక్కలశాస్త్రంలో పండితులు మాత్రం కారు. సరళరచన రహస్యమంతా ఈ భావనలోనే ఉన్నది.

మన విద్యార్థులు నేటికీ 'ఐ బెగ్ టు స్టేట్' అని మొదలుపెట్టి 'డూ ది నీడ్‌ఫుల్' అని ముగించడం చూస్తూనే ఉన్నాము. చేయవలసినది చేయుడట! ఏమి చేయవలెను? ఎవరు? ఎప్పటిలోగా? "తమ ఉత్తరువు అందినది, తగు చర్య సత్వరమే తీసుకొనబడును" అని ఒక పుస్తకవిక్రేత వ్రాసినాడనుకొందాము. ఇంకొకడు "మీరు కోరిన 40 పుస్తకాలను సోమవారం పంపుతాము" అన్నాడు. మొదటివాని వాక్యం గంభీరమే గాని, దానిలో మాట ఇచ్చినవాడు లేడు. 'తీసుకొనబడును' అన్నప్పుడు కర్త దాగికొంటాడు. కర్తతో పాటు బాధ్యత కూడా దాగుతుంది. ఆంగ్లపు ఈ జాడ్యం అనువాదాల మూలంగా మన కార్యాలయాల తెలుగుకు సైతం సోకినది.

సరళత వల్ల మర్యాద చెడుతుందనే భయం అక్కరలేదు. పారిభాషిక పదాలను విడువవలెననీ ఎవరూ అనరు. వైద్యుడు వైద్యునికి వ్రాసేటప్పుడు అవి ఉండదగినవే. రోగికి వ్రాసేటప్పుడు విప్పి చెప్పవలెను. అయితే ఇది తేలిక పని కాదు. విషయం తెలియనివాడు కఠిన పదాల చాటున తలదాచుకొనవచ్చును. విప్పి చెప్పవలెనంటే ముందు తనకు తెలిసి ఉండవలెను.

ఉపాధ్యాయ మహాశయులకు ఒక్క మనవి. ఉత్తరం వ్రాయించిన పిదప దానిని పక్క విద్యార్థిచేత చదివించండి. "ఇతడు నిన్ను ఏమి అడుగుతున్నాడు? ఎప్పటిలోగా?" అని ప్రశ్నించండి. జవాబు రాకపోతే మార్కులు తగ్గించవలసినది వ్రాసినవానికే. రేపు ఆ విద్యార్థి ఏ బ్యాంకులోనో కూర్చొని వ్రాసిన కాగితాన్ని ఒక ముసలివాడు చేతబట్టుకొని, "ఇందులో ఏమున్నది బాబూ?" అని నలుగురినీ అడుగకుండా ఇంటికి వెళ్లగలిగితే, ఆ పాఠం ఫలించినట్లే.